తాళము త్రిప్పినను కదలని యంత్రము

అమెరికాలోని చిన్న పట్టణములలో అనేక గృహముల ముందును వెనుకను విశాలమైన పచ్చిక ఉండును. శీతకాలము గడచి, మంచు కరగి, గడ్డి ఎదుగనారంభింపగానే ఇంటి యజమాని కొట్టములోనుండి పచ్చికకోత యంత్రమును బయటికి తీయును. ఇది చేతితో నెట్టు చిన్న యంత్రము కాదు. నాలుగు చక్రములు, ఆసనము, స్టీరింగు కలిగి చిన్న ట్రాక్టరువలె కనిపించును. మనిషి దానిపై కూర్చుండి నడుపును. అతడు ఆసనముపై కూర్చుండి, బ్రేకు పెడలు త్రొక్కి, తాళపుచెవి త్రిప్పును. ఇంజను శబ్దమునకు బదులు "టక్" మని ఒక్క చప్పుడు మాత్రము వినవచ్చును. ఎన్నిసార్లు త్రిప్పినను అదియే చప్పుడు.

బ్యాటరీ చెడినదని నిశ్చయించుకొని అతడు క్రొత్త బ్యాటరీ తెచ్చి బిగించును. మరల "టక్". మోటారు చెడినదేమోయని దానిని కూడ మార్చును. మరల "టక్". తుదకు తేలునదేమనగా, దోషము బ్యాటరీలోను లేదు, మోటారులోను లేదు. నల్లతీగను యంత్రపు చట్రమునకు బిగించిన బోల్టు క్రింద గోరంత త్రుప్పు పట్టినది. దానిని గరుకు కాగితముతో రుద్దిన చాలును. రెండు క్రొత్త భాగముల వెల వృథా అయినది.

ఇట్టి నష్టము తరచుగా కలుగుచుండును. విద్యుత్తు కంటికి కనబడదు కనుక జనులు ఊహపై ఆధారపడుదురు. అయితే విద్యుత్తు నియమములకు లోబడి నడచునది. ప్రశ్నను సరిగా అడిగినచో అది సరియైన సమాధానమే చెప్పును.

సెల్ఫ్ ఎందుకు?

పచ్చికను కోయు యంత్రమును మొదట కనిపెట్టినవాడు ఇంగ్లండులోని స్ట్రౌడ్ వాసియైన ఎడ్విన్ బడ్డింగ్. ఆయన 1830లో దానికి పేటెంటు పొందెను. దానిని మనుష్యులే త్రోసెడివారు. పెద్ద యంత్రములను గుఱ్ఱములు లాగెడివి. తరువాత పెట్రోలు ఇంజను వచ్చినది.

పెట్రోలు ఇంజనునకు ఒక లోపము కలదు. అది తనంతట తాను బయలుదేరలేదు. ముందు పిస్టను కదలి గాలిని, పెట్రోలు ఆవిరిని లోపలికి పీల్చి, నొక్కవలెను. అప్పుడే నిప్పురవ్వ దానిని మండించి శక్తిని పుట్టించును. ఆ మొదటి చుట్లు బయటినుండి ఎవరైనను త్రిప్పవలెను. పూర్వము మోటారుకార్లను ఇనుపకమ్మితో చేతబట్టి త్రిప్పెడివారు. ఇంజను ఎదురు తన్ని చేతులు విరిగిన సందర్భములు పెక్కు కలవు. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ 1911లో విద్యుత్ స్టార్టరును రూపొందించెను. 1912 నుండి అది కాడిలాక్ కార్లలో అమర్చబడినది.

కెటరింగ్ అంతకుముందు దుకాణములలో వాడు నగదు యంత్రములకు చిన్న మోటారులను తయారుచేసియుండెను. కొద్ది సెకన్లు మాత్రమే పనిచేయవలసిన మోటారు తన శక్తికి మించిన భారమును మోయగలదని, తరువాత చల్లారుటకు సమయము దొరికిన చాలునని ఆయన గ్రహించెను. చిన్న మోటారుతో పెద్ద ఇంజనును త్రిప్పుట ఇందువలననే సాధ్యమైనది. కనుకనే నేటికిని స్టార్టరును వరుసగా పది సెకన్లకు మించి త్రిప్పరాదు. మన మెకానిక్కులు "సెల్ఫ్" అని పిలుచునది ఈ సాధనమునే.

యజమాని, సేవకుడు

ఈ యంత్రమునందు స్టార్టరునకు సంబంధించి రెండు వలయములు కలవు. మొదటిది లావుతీగల వలయము. బ్యాటరీ ధనాగ్రమునుండి ఎఱ్ఱతీగ సోలినాయిడ్ అను స్విచ్చునకు, అచటినుండి మోటారునకు పోవును. మోటారునుండి విద్యుత్తు ఇంజను ఇనుపశరీరము ద్వారా, నల్లతీగ ద్వారా బ్యాటరీ ఋణాగ్రమును చేరును. ఇనుపశరీరము కూడ ఒక తీగయే అను సంగతి పలువురు మరతురు. మోటారు తిరుగునప్పుడు ఈ వలయములో సుమారు 100 ఆంపియర్ల ప్రవాహముండును.

అంతటి ప్రవాహమును తాళపుచెవి స్విచ్చు భరింపలేదు. కనుక సన్నతీగల వలయము వేరుగా కలదు. బ్యాటరీనుండి ఫ్యూజు, తాళపు స్విచ్చు, బ్రేకు పెడలు క్రింది స్విచ్చు, కోతకత్తి స్విచ్చు - ఇట్లు ఒకదాని వెనుక నొకటిగా దాటుకొని కొద్ది ఆంపియర్ల ప్రవాహము సోలినాయిడ్ లోని తీగచుట్టను చేరును. తీగచుట్ట విద్యుదయస్కాంతమై ఇనుపకడ్డీని లాగును. కడ్డీ చివర రాగిబిళ్ల లావుతీగల రెండు బోల్టులను కలుపును. వినవచ్చిన "టక్" ఈ బిళ్ల తగిలిన చప్పుడే. సన్నవలయము ఆజ్ఞనిచ్చు యజమాని, లావువలయము బరువు మోయు సేవకుడు. ఆజ్ఞ చేరలేదా? చేరినను సేవకునకు శక్తి చాలలేదా? దోషము వెదకువాడు మొదట తేల్చుకొనవలసినది ఇదియే.

చప్పుడు చెప్పు సంగతి

పరికరములేవియు లేకున్నను చెవి సగము పని చేయగలదు.

తాళము త్రిప్పినప్పుడు ఏ చప్పుడును లేనిచో ఆజ్ఞ చేరలేదనుకొనవచ్చును. బ్యాటరీ పూర్తిగా అడుగంటియుండవచ్చును, ఫ్యూజు కాలియుండవచ్చును, స్విచ్చులలో ఏదో ఒకటి కలియక పోవచ్చును, లేదా సోలినాయిడ్ తీగచుట్టయే తెగియుండవచ్చును.

ఒక్క "టక్" మాత్రము వినవచ్చినచో ఆజ్ఞ చేరినది. దోషము లావువలయమునందో, బ్యాటరీయందో, మోటారునందో ఉండును.

"టకటక" మని గడియారమువలె వేగముగా కొట్టుకొనుచున్నచో సాధారణముగ బ్యాటరీ నీరసించినదని అర్థము. బిళ్ల తగులగానే మోటారు ప్రవాహమును లాగును. వోల్టేజి పడిపోవును. విద్యుదయస్కాంతము పట్టువదలును. బిళ్ల విడిపోగానే వోల్టేజి మరల లేచును. మరల బిళ్ల తగులును. సెకనుకు పలుమార్లు ఇట్లు జరుగును. బ్యాటరీ చివరల వదులుతనము వలన కూడ ఇదే చప్పుడు రావచ్చును.

మోటారు "జుంయ్" మని తిరుగుచు ఇంజను కదలనిచో విద్యుత్తు తప్పు లేదు. మోటారు ఇరుసుపై మరచుట్లవెంట ముందునకు జారి ఇంజను పండ్లచక్రమును పట్టుకొనవలసిన చిన్న పండ్లచక్రము మురికివలన బిగిసినదో, దాని పండ్లు అరిగినవో చూడవలెను.

పోయిన వోల్టులు

ఒక్క "టక్" విన్నవారు చేయు సామాన్యమైన పొరపాటు ఒకటి కలదు. వారు 12 వోల్టుల చిన్న దీపమును మోటారు బోల్టునకు కలిపి తాళము త్రిప్పి చూతురు. మోటారు లోపల తీగ తెగియున్నచో దీపము చక్కగా వెలుగును. తీగ తెగకయే, వెలుపలి కీలు చెడియున్నప్పుడు బ్యాటరీవద్ద దీపమును పెట్టినను చక్కగానే వెలుగును. "విద్యుత్తు వచ్చుచున్నది, బ్యాటరీ మంచిదే, మోటారే చెడినది" అని నిశ్చయింతురు. ఈ నిశ్చయమునకు ఆధారము లేదు. ఎందుకో లెక్క చూడవచ్చును.

జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ప్రకారము ఒక నిరోధములో తగ్గిపోవు వోల్టేజి, ఆ నిరోధమును ప్రవాహముతో గుణించగా వచ్చునంత. త్రుప్పుపట్టిన కీలులో నిరోధము ఓమ్ లో ఇరువదవ వంతు, అనగా 0.05 అనుకొందము. చిన్న దీపమునకు కావలసిన ప్రవాహము సుమారు 0.4 ఆంపియరు. ఆ కీలువద్ద పోవు వోల్టేజి 0.02 మాత్రమే. దీపమునకు ఆ నష్టము తెలియనే తెలియదు. అదే కీలుగుండ మోటారు 100 ఆంపియర్లు లాగబోయినచో 5 వోల్టులు అచటనే హరించిపోవలెను. బ్యాటరీ ఇచ్చిన పన్నెండింటిలో అంత భాగము దారిలోనే పోయినచో మోటారు తిరుగలేదు. 5 వోల్టులు, 100 ఆంపియర్లు అనగా 500 వాట్ల వేడిమి. తాళము త్రిప్పిన పిదప ఏదైన ఒక కీలు వేడెక్కినచో దోషము అచటనే ఉన్నదని చెప్పవచ్చును.

సన్నని కాలువలో మోకాటిలోతు నీరు నిలిచియున్నంత మాత్రమున అది పది ఎకరములకు పారునని రైతు అనుకొనడు. తూము తెరచినప్పుడే కాలువ సత్తువ తెలియును. విద్యుత్తు విషయము కూడ ఇట్టిదే. నిలుకడలో ఉన్న వోల్టేజి కాక, పని జరుగుచున్నప్పటి వోల్టేజిని కొలువవలెను.

కొలుచు విధానము

పరీక్షకు ముందు యంత్రమును సమతలమున నిలిపి, చేతిబ్రేకు బిగించి, కత్తిని విడగొట్టవలెను. ఇంజను అనుకొనకుండ బయలుదేరకుండుటకై స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుముకు తగిలించి ఉంచవలెను. తరువాత సాధారణ మల్టీమీటరును నేరువిద్యుత్తు 20 వోల్టుల స్థానమున నిలిపి, ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు ఈ క్రింది కొలతలు తీయవలెను.

మొదట బ్యాటరీ. కొన్ని గంటలు విశ్రాంతి తీసుకొన్న బ్యాటరీ కొనలమధ్య 12.6 వోల్టులున్నచో అది నిండుగా ఉన్నది. 12.2 ఉన్నచో సగమే ఉన్నది. 12 కన్న తక్కువైనచో ముందు చార్జి చేయవలెను. బ్యాటరీలో 6 ఘటములు కలవు. ఒక్కొక్క ఘటము సుమారు 2.1 వోల్టులనిచ్చును. ఎంత చార్జి చేసినను 10.5 దాటనిచో ఒక ఘటము చచ్చినదని అనుమానింపవలెను. తాళము త్రిప్పినప్పుడు కొనలమధ్య వోల్టేజి 9.6కు దిగువకు పడరాదు. పడినచో బ్యాటరీ బలహీనమైనదో, మోటారు మితిమీరిన ప్రవాహమును లాగుచున్నదో అయియుండును.

రెండవది ఎఱ్ఱతీగ మార్గము. మీటరు ఒక కొనను బ్యాటరీ ధనాగ్రము సీసపుముక్కకే, రెండవ కొనను మోటారు బోల్టునకు తగిలించవలెను. తాళము త్రిప్పనప్పుడు మీటరు పూర్తి వోల్టేజిని చూపును. త్రిప్పినప్పుడు అది అర వోల్టునకు లోపుగా దిగిపోవలెను. దిగనిచో పోయిన వోల్టులు ఆ దారిలోనే ఉన్నవి.

మూడవది సోలినాయిడ్ రెండు లావు బోల్టుల నడుమ. "టక్" మనినను మీటరు 12 దగ్గరనే నిలిచినచో లోపలి రాగిబిళ్ల కాలి మాడినది. ప్రతిసారి తగులునప్పుడును విడిపోవునప్పుడును పుట్టు నిప్పురవ్వలు దానిని కొద్దికొద్దిగా తినివేయును. అట్టి సోలినాయిడ్ ను మార్చవలసినదే.

నాలుగవది ఎర్త్ మార్గము. ఇంజను శరీరమునకును, బ్యాటరీ ఋణాగ్రమునకును మధ్య కొలువవలెను. తాళము త్రిప్పినప్పుడు 0.3 వోల్టును మించరాదు. మించినచో నల్లతీగ బోల్టును విప్పి, రంగును త్రుప్పును గీకి, మెరయు లోహమునకు తగులునట్లు బిగించవలెను. మొదట చెప్పిన గృహస్థుడు ఈ ఒక్క కొలత తీసియున్నచో రెండు భాగముల వెల మిగిలియుండెడిది.

ఈ నాలుగును సరిగా ఉండి, మోటారునకు 10 వోల్టులు చేరుచున్నను అది తిరుగనిచో, అప్పుడు మాత్రమే మోటారును విప్పవలెను. దానిలోని బొగ్గుబ్రష్షులు అరిగియుండవచ్చును.

మంచి కీలు నడుమ మీటరు సున్నకు దగ్గరగా చూపును. చెడిన కీలు నడుమ పోయిన వోల్టులను చూపును. నాలుగు కొలతల సారమిదియే.

సగము సగముగా వెదకుట

ఏ చప్పుడును లేనప్పుడు సన్నవలయమును పరీక్షింపవలెను. దీనిలో ప్రవాహము కొద్దిదే కనుక ఇక్కడ దీపము బాగుగా పనికివచ్చును. ఫ్యూజునుండి మొదలిడి ఒక్కొక్క కీలునే చూచుకొనుచు పోనక్కరలేదు. సోలినాయిడ్ యొక్క సన్నతీగ కొనకును ఇంజను ఇనుముకును మధ్య దీపమును పెట్టి తాళము త్రిప్పవలెను. వెలిగినచో ఆజ్ఞ అచటివరకు వచ్చినది. దోషము సోలినాయిడ్ లోనో, దాని ఎర్త్ లోనో ఉన్నది. వెలుగనిచో దోషము వెనుక ఉన్నది. అప్పుడు వలయము నడిమికి, అనగా తాళపు స్విచ్చునుండి వెలువడు తీగవద్దకు పోవలెను. అచట వెలిగినచో ముందున్న బ్రేకు, కత్తి స్విచ్చులనే చూడవలెను. లేనిచో ఫ్యూజును, తాళపు స్విచ్చును చూడవలెను. ఎనిమిది చోటులలో ఎక్కడ దోషమున్నను ఈ విధముగ మూడు పరీక్షలతో తెలియును.

కొన్ని యంత్రములలో రక్షక స్విచ్చులను సోలినాయిడ్ యొక్క ఎర్త్ తీగ వైపున అమర్తురు. కనుక ఆయా యంత్రమునకు తయారీదారులిచ్చిన తీగల పటమును ముందుంచుకొనుట మేలు.

విద్యుత్తుది కాని దోషము

ఒక్కొక్కప్పుడు ఇంజను అర చుట్టు తిరిగి, పిస్టను గాలిని నొక్కవలసిన చోట ఆగిపోవును. చూచువారికి బ్యాటరీ నీరసమువలెనే తోచును. ఈ ఇంజనులలో బయలుదేరునప్పుడు వాల్వును కొద్దిగా తెరచియుంచి ఒత్తిడిని తగ్గించు ఏర్పాటు కలదు. వాల్వుల సందు కాలక్రమమున ఎక్కువైనచో ఆ తెరపు జరుగదు. పూర్తి ఒత్తిడికి ఎదురు త్రిప్పలేక మోటారు నిలిచిపోవును. నిలిచిన మోటారు మరింత ప్రవాహమును లాగును. తిరుగుచున్న మోటారు తానే ఎదురు వోల్టేజిని పుట్టించి ప్రవాహమును అదుపులో ఉంచును. ఆగినప్పుడు ఆ అదుపు ఉండదు. వాల్వుల సందును సరిచేసినచో పాత బ్యాటరీతోనే ఇంజను బయలుదేరును.

దాటరాని గీత

దోషము చిక్కనప్పుడు కొందరు స్క్రూడ్రైవరును సోలినాయిడ్ రెండు బోల్టులపై అడ్డముగ పెట్టి "డైరెక్టు" చేయుదురు. నిప్పులు రాలును, మోటారు తిరుగును. కాని రక్షక స్విచ్చులన్నియు పక్కకు తొలగిపోయినవి. గేరులో ఉన్నచో యంత్రము ముందునకు ఉరికి ఎదుట నిలిచినవానిని తొక్కును. కత్తి కలిసియున్నచో అదియును తిరుగును.

ఆ కత్తి వేగమెంత? 53 సెంటీమీటర్ల పొడవుగల కత్తి నిమిషమునకు 3300 చుట్లు తిరిగినచో దాని కొన సెకనుకు సుమారు 92 మీటర్లు, గంటకు దాదాపు 330 కిలోమీటర్ల వేగముతో పోవును. రక్షక స్విచ్చుల అవసరము ఈ ఒక్క లెక్కవలననే తెలియును. అమెరికా ప్రభుత్వము 1982 నుండి నెట్టుడు యంత్రములలో చేతిపట్టు వదలిన 3 సెకన్లలో కత్తి ఆగవలెనని నియమము చేసినది. కూర్చుండి నడుపు యంత్రములలో ఆసనము క్రింది స్విచ్చు అట్టి కావలి పని చేయును. కత్తి తిరుగుచుండగా మనిషి లేచినచో అది ఇంజను నిప్పురవ్వ తీగను ఎర్త్ చేసి ఇంజనును ఆపును. స్విచ్చు చెడినచో మార్చవలెను గాని, రెండు తీగలను మెలిపెట్టి కలుపరాదు. ఆ మెలికను నేడు కట్టినవాడు మరచిపోవును. మరియొక దినమున దానిపై కూర్చుండువాడు వేరొకరు కావచ్చును.

బ్యాటరీ విషయమునను జాగ్రత్త వలయును. చార్జి అగునప్పుడు ఉదజని వాయువు వెలువడును. చిన్న నిప్పురవ్వకే అది ప్రేలి గంధకికామ్లమును ముఖముపై చిమ్మగలదు. తీగలు విప్పునప్పుడు నల్లతీగను ముందు విప్పి, బిగించునప్పుడు దానినే కడపట బిగించవలెను. నల్లతీగ ఊడియున్నచో ఎఱ్ఱతీగ విప్పు స్పానరు పొరపాటున చట్రమునకు తగిలినను వలయము పూర్తికాదు.

శీతకాలపు నిద్ర

ఈ యంత్రములు వసంతములోనే ఎక్కువగా మొరాయించుటకు కారణము కలదు. శీతకాలమంతయు కదలక ఉన్న బ్యాటరీ తనంతట తాను కొంతకొంత చార్జిని కోల్పోవును. పలకలపై ఏర్పడిన సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికములుగా మారి మరల చార్జికి లొంగదు. చార్జి తగ్గిన కొలదిని ఆమ్లము పలుచనై నీటికి దగ్గరగును. నిండు బ్యాటరీ చలికి గడ్డకట్టదు గాని, అడుగంటిన బ్యాటరీ గడ్డకట్టి పగులవచ్చును. కనుక కోతకాలము ముగియగానే నిండుగా చార్జి చేసి, నల్లతీగను విప్పి, నెలకొకసారి చార్జి చూచుకొనుట ఉత్తమము. ఇంజను నడచునప్పుడు బ్యాటరీ కొనలమధ్య 13.5 నుండి 14.5 వరకు వోల్టులుండవలెను. 12.6కు మించి లేవనిచో ఇంజను దానిని చార్జి చేయుట లేదు. అట్టి యంత్రములో క్రొత్త బ్యాటరీ వేసినను కొన్నాళ్లకే చచ్చును.

ఈ పాఠము అమెరికా పచ్చికలకే పరిమితము కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలములలో దున్ను ట్రాక్టరునందును ఈ రెండు వలయములే కలవు. తొలకరి కురిసిన ఉదయమున సెల్ఫ్ పనిచేయనిచో రైతు వద్ద కూడ స్క్రూడ్రైవరు సిద్ధముగనే ఉండును. ట్రాక్టరు ప్రక్కన నేలపై నిలిచి డైరెక్టు చేయువానికి దాని పెద్ద చక్రము జానెడు దూరములోనే ఉండును. గేరు పడియున్నదో లేదో ఆ క్షణమున అతనికి తెలియకపోవచ్చును. స్క్రూడ్రైవరు యంత్రమును కదలించును గాని దోషమెక్కడనో చెప్పదు. కొద్ది వెలకు దొరకు మీటరు, నాలుగు నిమిషముల ఓపిక ఉన్నచో పోయిన వోల్టులు ఎక్కడ పోయినవో తెలియును. త్రుప్పుపట్టిన బోల్టును గీకి బిగించి, ఆసనముపై కూర్చుండి, తాళము త్రిప్పుటయే తిన్నని మార్గము.